బూట్ల పెట్టెలో క్రిస్మస్

అమెరికాలో ఉన్న మీ అమ్మాయో కోడలో నవంబరులో బూట్ల అట్టపెట్టె ముందేసుకు కూర్చుందంటే ఆశ్చర్యపోకండి. ఆ పెట్టె నిండా కానుకలు సర్ది, ఇతర దేశాల పేదపిల్లలకు క్రిస్మస్ కానుకగా పంపుతారు. 1990లో వేల్స్‌లోని రెక్స్‌హామ్‌లో, రొమేనియా పిల్లలకోసం మొదలైన పని ఇది. 1993 నుంచి సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సంస్థ నడుపుతోంది.

మరి ఖర్చు తగ్గేదెలా? ముందు పెట్టె ఆడపిల్లకో, మగపిల్లవాడికో, 2–4, 5–9, 10–14 ఏళ్లలో ఏ వయసుకో తేల్చుకోవాలి. లేకపోతే కొన్నవి అక్కరకు రావు. తర్వాత ఒక్క మంచి వస్తువు, బొమ్మో, గాలి తీసిన బంతీ పంపూనో కొని, మిగతావి దాని చుట్టూ సర్దాలి. పెన్సిళ్లు, నోటుపుస్తకాలు అక్కడ బడులు తెరిచే ఆగస్టులో చవక. డజన్ల లెక్కన కొని నలుగురూ పంచుకుంటే ఇంకా కలిసొస్తుంది. బొమ్మల పైఅట్టలు తీసేస్తే బోలెడు చోటు మిగులుతుంది. గ్లాసులో మేజోళ్లు కుక్కండి. మిగిలిన కొత్తగుడ్డతో చిన్న సంచీ కుట్టండి.

మిఠాయిలు, టూత్‌పేస్టు, కారిపోయేవి, తుపాకీ బొమ్మలు పెట్టకూడదు.

చవకన్నాను కదా అని మన పిల్లలు ఆడి వదిలేసినవి మాత్రం వద్దమ్మా! వాడినవి వాళ్లు తీసుకోరు కూడా. ఆ పసిచేతికి కొత్త వస్తువు అందడం అదే మొదటిసారేమో! నాలుగు తగ్గినా ఫరవాలేదు, ఉన్నవి కొత్తవై ఉండాలి. ఏమంటారు?