పన్నెండు గుడ్లకు నాలుగే పిల్లలా? పెరటి కోళ్లలో పొదుగు, ఈకల రంగు

పెరటి కోళ్ల పథకం లబ్ధిదారులకు సమాచారం (ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు)

పథకం కింద కోళ్లు తీసుకున్న ఇంట్లో మొదటి పొదుగు అయిపోగానే రెండు అనుమానాలు వస్తుంటాయి.

"పన్నెండు గుడ్లు పొదగేసినం, నాలుగే పిల్లలైనయి. గుడ్లు మంచివి కావా?"

"పుంజు ఎర్రది, పెట్ట ఎర్రది. పిల్ల తెల్లగ పుట్టింది. మాకు ఇచ్చింది వేరే జాతా?"

మొదటిది నిజంగా నష్టమే. ఎనిమిది గుడ్లు పోయినయి, పెట్ట 21 రోజులు గుడ్లు పెట్టకుండా కూర్చున్నది. కానీ దీన్ని చాలావరకు మనమే సరిచేసుకోవచ్చు. రెండోది అసలు నష్టమే కాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. మీ పెట్ట పొదిగే రకమేనా?

వనరాజా, గ్రామప్రియ కోళ్లను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసింది. నాటు పెట్ట ఏడాదికి 50–60 గుడ్లు పెడితే, వనరాజా పెరట్లో తిరుగుతూనే 100–110 వరకు పెడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టే ఈ పెట్టలు పొదుగు మీద కూర్చోవడం చాలా అరుదు. కూర్చున్నా మధ్యలో లేచిపోవచ్చు. అందుకే వీటి గుడ్లను పొదుగు పడ్డ నాటు పెట్ట కిందనే పెట్టాలి. ఇంట్లో ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోవడం ఇందుకే అవసరం.

పుంజు లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుంది. కానీ ఆ గుడ్లు పిల్లలు కావు, తినడానికే పనికొస్తయి. పిల్లలు కావాలంటే 8–10 పెట్టలకు ఒక మంచి పుంజు ఉండాలి.

2. గుడ్లు ఎట్లా దాచాలి?

సగం నష్టం పెట్ట కింద పెట్టకముందే జరిగిపోతుంది. 20–21 డిగ్రీల వేడి దాటితే గుడ్డులోని పిండం మెల్లగా పెరగడం మొదలవుతుంది. ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటయి. రేకుల ఇంట్లో దాచిన గుడ్డులో పిండం కొంత పెరిగి, వేడి సరిగా అందక చచ్చిపోతుంది. పైకి గుడ్డు బాగానే కనబడుతుంది.

• పొదగేసే గుడ్లను 7 రోజులకు మించి దాచవద్దు. ఎండాకాలమైతే ఇంకా తొందరగా పెట్టాలి.
• తడి ఇసుకలో కూర్చోబెట్టిన కుండలో వరిపొట్టు పోసి, గుడ్డు లావు కొస పైకి వచ్చేట్టు నిలపాలి.
• గుడ్లు కడగవద్దు. పెంకు మీద ఉండే సన్నని పొర పోతే క్రిములు లోపలికి పోతయి. కొద్దిగా మురికి ఉంటే పొడి బట్టతో తుడవాలి. బాగా మురికైనవి, పగుళ్లున్నవి, మరీ చిన్నవి పొదగేయవద్దు.
• వీలైతే ఏప్రిల్, మే నెలల్లో పొదగేయకపోవడమే మేలు.

3. పొదిగే 21 రోజులు

• పెట్ట సైజును బట్టి 10–12 గుడ్లు చాలు. 15 పెడితే అంచున ఉన్నవి చల్లబడి, అన్నీ వంతులవారీగా పాడవుతయి.
• గంప అడుగున ఇసుక పోసి పైన ఎండుగడ్డి పరవాలి. ఎండాకాలం ఇసుకను కొద్దిగా తడపాలి. గడ్డి మాత్రం పొడిగా ఉండాలి.
• పెట్టను రాత్రిపూట కూర్చోబెడితే నెమ్మదిగా ఉంటుంది. గింజలు, నీళ్లు దగ్గర్లోనే పెట్టాలి. రోజుకొకసారి లేచి మేసి వస్తుంది.
• పేలు పట్టిన పెట్ట పొదుగు మీద నిలవదు. కూర్చోబెట్టే ముందే బూడిద, ఇసుక కలిపిన గుంటలో పొర్లనివ్వాలి.
• గుడ్లను పెట్ట తానే తిప్పుకుంటుంది. సంఘాల్లో చిన్న ఇంక్యుబేటర్ వాడేవాళ్లు వేడిని 37.5 డిగ్రీల దగ్గర ఉంచి, 18వ రోజు దాకా రోజుకు కనీసం 3 సార్లు గుడ్లను తిప్పాలి. చివరి మూడు రోజులు తిప్పవద్దు, తేమ పెంచాలి.
• పెంకుకు రంధ్రం పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు పట్టవచ్చు. తొందరపడి పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చస్తుంది.

4. ఏడో రోజు టార్చి పరీక్ష

రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు లావు కొసను ఆనించి చూడండి.

• సాలెగూడులా ఎర్రని నరాలు కనబడితే పిండం బతికే ఉంది.
• లోపల ఏమీ లేకుండా తేటగా ఉంటే పిండం ఏర్పడలేదు. పుంజు ముసలిదైందా, పెట్టలు ఎక్కువైనయా చూసుకోవాలి.
• ఎర్రని ఉంగరం లాంటి గీత ఉంటే పిండం మొదట్లోనే చచ్చింది. ఎక్కువ రోజులు దాచడం, వేడి తగలడం దీనికి ముఖ్య కారణాలు.
• 19–21 రోజుల్లో పెంకులోనే పిల్లలు చస్తే తేమ తగ్గడమో, పెట్ట తరచూ లేవడమో, పెట్టకు సరైన మేత లేకపోవడమో, దగ్గరి రక్తసంబంధమో కారణం కావచ్చు.

పాడైన గుడ్లను వెంటనే తీసేయండి. పగిలితే మిగిలినవీ చెడతయి.

5. దగ్గరి రక్తసంబంధం అంటే?

ఏళ్ల తరబడి ఒకే పుంజును ఉంచితే అది తన పిల్లలతోనే కలుస్తుంది. అట్లా పెట్టిన గుడ్లలో పిండాలు ఎక్కువగా చస్తయి, పుట్టిన పిల్లలు బలహీనంగా ఉంటయి. అందుకే ఏడాదికోసారి వేరే ఊరి పుంజుతో మార్చుకోండి. కొత్త పుంజును రెండు, మూడు వారాలు వేరుగా ఉంచి, జబ్బు లేదని చూసుకున్నాకే కలపండి. పాత పుంజు ప్రభావం గుడ్లలో రెండు, మూడు వారాలు ఉంటుంది. కాబట్టి కొత్త పుంజు పిల్లలే కావాలంటే అంతవరకు ఆగి గుడ్లు ఏరాలి.

6. పిల్లకు రంగు ఎట్లా వస్తుంది?

పిల్లకు చాలా లక్షణాలు రెండు పాళ్లుగా వస్తయి, ఒకటి పుంజు నుంచి, ఒకటి పెట్ట నుంచి. వీటినే జన్యువులు అంటరు. కొన్ని బయటికి కనబడతయి, కొన్ని దాగి ఉంటయి. ఎర్ర పుంజులోనూ ఎర్ర పెట్టలోనూ ఒక రకం తెలుపు దాగి ఉంటే, సగటున నలుగురు పిల్లల్లో ఒకటి తెల్లగా పుట్టవచ్చు. మన ఇండ్లలో తాత పోలిక మనుమడికి వచ్చినట్టే ఇది.

ఇంకో సంగతి. వనరాజాను రెండు వేర్వేరు వంశాలను కలిపి తయారు చేస్తరు. దాని పిల్లల్లో ఆ లక్షణాలు విడిపోతయి, రంగులు కలగాపులగంగా వస్తయి. గుడ్ల సంఖ్య, బరువు కూడా తల్లి అంత ఉండవు. మీకు ఇచ్చిన కోళ్లు నకిలీవి కావు. అదే దిగుబడి మళ్లీ కావాలంటే కొత్త పిల్లలు తెచ్చుకోవాలి.

రంగుతో ఒక లాభం కూడా ఉంది. చారలున్న పెట్టకు చారలు లేని నల్ల పుంజును కలిపితే, మగపిల్లలకు చారలు వస్తయి, ఆడపిల్లలకు రావు. నల్లగా పుట్టిన పిల్లల్లో తల మీద తెల్ల మచ్చ ఉన్నది పుంజు అని మొదటి రోజే చెప్పవచ్చు.

7. రంగు చూసి మోసపోవద్దు

డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకలను బట్టి పేర్లు పెట్టడం మన దగ్గర పాత అలవాటు. ఈ రంగుకూ గుడ్ల సంఖ్యకూ సంబంధం లేదు. నల్ల ఈకలున్నంత మాత్రాన కడక్‌నాథ్ కాదు. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు ఆ కోడికి చర్మం, కాళ్లు, నాలుక కూడా నల్లగా ఉంటయి. ఎక్కువ ధర పెట్టే ముందు నోరు తెరిచి, ఈకలు పక్కకు జరిపి చూడండి.

చివరగా

వచ్చే పొదుగుకు గుడ్లు పెట్టిన తేదీ, ఎన్ని పెట్టినరు, ఏడో రోజు ఎన్ని తేటగా ఉన్నయి, చివరికి ఎన్ని పిల్లలైనయి, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండు పొదుగులు వరుసగా సగానికి తగ్గితే ఆ కాగితంతో మండల పశువైద్యశాలకు వెళ్లండి. లోపం పుంజుదా, గుడ్ల దాపులోదా, పొదుగులోదా అన్నది దాన్ని చూస్తే చాలావరకు తెలుస్తుంది.