పిల్లలతో అమెరికా ఫ్లైట్ ఎక్కుతున్నారా? నిద్ర కోసం సిరప్ వేసే ముందు ఇది తెలుసుకోండి!

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అర్ధరాత్రి దాటాక రోజూ కనిపించే సీనే ఇది. ట్రాలీ నిండా సూట్‌కేసులు, భుజాన డైపర్ బ్యాగు, చంకలో నిద్రపోతున్న పాప. వెనక కళ్లు తుడుచుకుంటూ అమ్మమ్మ, తాతయ్య. ఇక్కడి నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా అమెరికా చేరేసరికి 20 గంటలు దాటిపోతుంది. దోహా నుంచి డల్లాస్ ఫ్లైట్ ఒక్కటే దాదాపు 16 గంటలు. పెద్దవాళ్లకే నడుం పట్టేస్తుంది. మరి ఏడాదిన్నర బాబు సంగతేంటి?

అందుకే ప్రయాణం అనగానే ఎవరో ఒకరు ఇచ్చే సలహా.. "జలుబు సిరప్ కాస్త వేసేయ్, హాయిగా పడుకుంటాడు" అని. అసలు డేంజర్ ఇక్కడే ఉంది.

జలుబు, అలర్జీ మందుల్లో మత్తు అనేది సైడ్ ఎఫెక్ట్ మాత్రమే. కొంతమంది పిల్లల్లో ఇది రివర్స్ అవుతుంది. నిద్రపోకపోగా చిరాకుతో ఇంకా గోల చేస్తారు. డోసు కాస్త ఎక్కువైతే ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. పైగా విమానం లోపలి గాలి ఒత్తిడి 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్లు ఉంటుంది. అంటే ఆక్సిజన్ కాస్త తక్కువే. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద ముద్రించాలంటూ మన దేశ ఔషధ నియంత్రణ సంస్థే 2023లో కంపెనీలను ఆదేశించింది. ఇంట్లోనే వద్దన్న మందు ఆకాశంలో వేయడం ఏం తెలివి?

మరి పిల్లలు ఎందుకంత ఏడుస్తారు? చాలాసార్లు కారణం చెవి నొప్పే. చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. బయటి ఒత్తిడి మారినప్పుడు చెవిలో దాన్ని సరిచేసేది ఇదే. పిల్లల్లో ఇది ఇరుకుగా ఉంటుంది, త్వరగా తెరుచుకోదు. టేకాఫ్ కన్నా విమానం కిందికి దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. మింగితే గొట్టం తెరుచుకుంటుంది. కాబట్టి ల్యాండింగ్‌కు అరగంట ముందు దిగడం మొదలవగానే పాలు పట్టాలి, లేదా సీసానో పాసిఫయరో ఇవ్వాలి. కాస్త పెద్ద పిల్లలకైతే స్ట్రాతో నీళ్లు తాగించినా చాలు. చాలామంది తల్లులు చేసే పొరపాటు.. టేకాఫ్ అప్పుడే కడుపు నిండా పాలు పట్టేయడం. దిగేటప్పటికి బిడ్డకు ఆకలే ఉండదు. నిద్రలో ఉంటే దిగడానికి ముందే మెల్లగా లేపడం మంచిది. జలుబు గట్టిగా ఉన్నా, చెవి ఇన్ఫెక్షన్ ఉన్నా టికెట్ చూసుకుని కాదు, డాక్టర్‌ని అడిగి బయల్దేరాలి.

ఇక సీటు విషయం. రెండేళ్లలోపు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఇంటర్నేషనల్ రూట్లలో వాళ్ల టికెట్ సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో 10 శాతం దాకా ఉంటుంది. అయితే వెళ్లేటప్పుడు ఏడాది 11 నెలలు ఉండి తిరిగొచ్చేలోగా రెండేళ్లు నిండితే, రిటర్న్‌కి వేరే సీటు కొనాల్సిందే! ఉయ్యాల లాంటి బాసినెట్లు ముందు వరుసల్లో కొన్నే ఉంటాయి. టికెట్ బుక్ చేయగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగాలి, బరువు లిమిట్ ఎంతో కూడా కనుక్కోవాలి. సీటు బెల్టు లైటు వెలిగితే మాత్రం బిడ్డను అందులోంచి తీయాల్సిందే. బడ్జెట్ ఉంటే చిన్న పిల్లలకూ సొంత సీటు, అందులో అనుమతి ఉన్న కార్ సీటు.. ఇదే అన్నిటికన్నా సేఫ్ అని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెబుతోంది.

సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్ల రూల్ చూసి పాలు పారేయక్కర్లేదు. ప్రయాణానికి సరిపడా పాలు, బేబీ ఫుడ్‌కి మినహాయింపు ఉంటుంది. విడిగా తీసి చూపిస్తే చాలు. పెద్ద పిల్లలకు మరమరాలు, చపాతీ రోల్, ఇంట్లో అలవాటైనవే పెట్టుకోండి. విమానంలో ఇచ్చే పాస్తా మనవాళ్లు ముట్టుకుంటే గొప్పే. క్యాబిన్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో తాగిస్తూ ఉండాలి. డైపర్లు, ఒక జత బట్టలు పిల్లలకే కాదు, అమ్మకి కూడా హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి. వాంతి పడేది ఎక్కువగా అమ్మ మీదే మరి.

కొత్త బొమ్మలు అన్నీ ఒకేసారి తీయకుండా రెండు గంటలకొకటి చొప్పున ఇస్తే ఎక్కువసేపు వస్తాయి.

దిగాక కూడా పని ఉంది. న్యూయార్క్‌కి మనకి ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా. మొదటి కొన్ని రోజులు బాబు రాత్రి రెండింటికి లేచి ఆడుకుందాం అంటాడు. అప్పుడు లైట్లు, టీవీ వేయకుండా ఏదైనా కాస్త తినిపించి మళ్లీ పడుకోబెట్టాలి. తెల్లారాక బయట ఎండలో తిప్పితే నిద్ర మెల్లగా అక్కడి టైంకి సర్దుకుంటుంది.