ప్రోస్టేట్ క్యాన్సర్: గురిచూసి పనిచేసే కొత్త మందులు

చిత్తూరు, గుడియాత్తం వైపుల నుండి వైద్యం కోసం వేలూరుకు వచ్చే తెలుగువారు అనేకులు. వారిలో వయసు మళ్ళిన పురుషులు కొందరు మూత్రసంబంధమైన ఇబ్బందిని ఇంట్లోనైనా చెప్పుకోవడానికి బిడియపడతారు. రాత్రివేళ పలుమార్లు లేవవలసి రావడం, మూత్రధార సన్నబడడం చాలావరకు ప్రోస్టేట్ గ్రంథి సహజంగా పెరగడం వల్ల కలిగేవే. అయినా అది క్యాన్సర్ కాదని తేల్చవలసినవారు వైద్యులే. తొలిదశలో ఈ వ్యాధికి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు.

ఈ క్యాన్సర్ పురుష హార్మోను ఆధారంగా పెరుగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపారు. అందుకు 1966లో నోబెల్ బహుమతి లభించింది. శరీరమంతటా వ్యాపించిన వ్యాధికి ఆ హార్మోనును అణచడమే నేటికీ చికిత్సకు పునాది. అబిరాటెరోన్ మాత్రలు హార్మోను తయారీని అడ్డుకొంటాయి. ఎంజాలుటమైడ్ అది కణంపై పనిచేయకుండా నిలుపుతుంది.

ఇవి చాలని స్థితిలో మరి రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది ఓలాపరిబ్. బి.ఆర్.సి.ఏ. జన్యువులు దెబ్బతిన్న క్యాన్సర్ కణానికి తన డి.ఎన్.ఏ.ను బాగుచేసుకొనే ఒక దారి మూసుకుపోయి ఉంటుంది. ఈ మందు రెండవ దారినీ మూయగా ఆ కణం నశిస్తుంది. రెండవది లుటీషియం-177 చికిత్స. క్యాన్సర్ కణంపై అధికంగా ఉండే పి.ఎస్.ఎం.ఏ. అనే మాంసకృత్తును వెదికి పట్టుకొనే అణువుకు రేడియోధార్మిక పదార్థాన్ని జతచేసి నరానికి ఎక్కిస్తారు. ఆ కిరణాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరమే సోకుతాయి. లుటీషియం-177ను మన దేశంలోనే, ముంబయి ధ్రువ రియాక్టరులో తయారుచేస్తున్నారు. నోరు ఎండడం, నీరసం, రక్తకణాలు తగ్గడం దీని దుష్ఫలితాలు.

ఈ మందులు ముదిరిన వ్యాధిని పూర్తిగా తొలగించవు. ఆయుష్షును పొడిగించి, బాధను తగ్గించగలవు. అదీ అందరికీ కాదు. జన్యుపరీక్షలో లోపం కనబడినవారికే మొదటిది, పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కానులో గురి కనబడినవారికే రెండవది. కనుక మందు కంటే పరీక్ష ముందు. ఇతరులకు మేలుచేసిన మందు తమకూ కావాలని అప్పుచేసి కొనడం తగదు.

బి.ఆర్.సి.ఏ. లోపం వంశపారంపర్యమైనదైతే కుమారులకూ, కుమార్తెలకూ సమానంగా సంక్రమించవచ్చు. కుమార్తెలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. తండ్రి దాచిన నివేదిక బిడ్డకు అందవలసిన హెచ్చరిక కావచ్చు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత పి.ఎస్.ఏ. ఫలితాలు, బయాప్సీ నివేదిక, వీలైతే ఆ ముక్క భద్రపరచిన మైనపు దిమ్మె వెంట తెచ్చుకోవాలి. ప్రభుత్వ సాయం రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో దానిపై ఆధారపడవచ్చు గనుక ముందే విచారించుకోవాలి. చెప్పినది అర్థం కాకపోతే తెలుగులో వివరించమని అడగడానికి సంకోచించనవసరం లేదు.