మూడు వేల రూపాయల యాత్ర

మా ఎదురింటి అబ్బాయీ కోడలూ స్పెయిను వెళ్ళి, నాలుగు రోజులు బార్సిలోనాలో తిరిగి వచ్చారు. వాళ్ళ ఫొటోలు చూచి వచ్చిన రాత్రి మా ఆవిడ, "ఏవండీ, మనమూ ఎక్కడికైనా వెళ్దామండీ" అన్నది. నా దగ్గర మిగిలినవి మూడు వేలు. "ఎక్కడికి?" అన్నాను భయంభయంగా.

"కొల్లేటికి."

ఆవిడ అమ్మమ్మగారిది కొల్లేటి లంక. ఏడేళ్ళప్పుడు పడవలో కూర్చుని, నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ వెళ్ళడం ఇంకా జ్ఞాపకమట. తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్ళు కాపురముండీ నేను ఒక్కసారి తీసుకువెళ్ళలేదు. ఆ మాట ఆవిడ అనలేదు, నేనే అంటున్నాను.

డిసెంబరులో ఒక శనివారం రైలులో ఏలూరు చేరాము. స్టేషను దగ్గర లాడ్జి గది ఎనిమిది వందలు. సాయంకాలం గజ్జెలవారి చెరువులో నిలబడ్డ బుద్ధుణ్ణి చూచాము. ఖర్చు లేని వినోదం. ఏలూరు వచ్చి తివాచీ చూడకపోతే ఎలా? ఒక దుకాణంలో ధర అడిగి, కొనేవాళ్ళం కామని వాళ్ళు గ్రహించేలోగా బయటపడ్డాము.

మర్నాడు పొద్దున్నే కైకలూరు బస్సు. కిటికీలోంచి ఎటు చూచినా చేపల చెరువులు, గట్లు, మళ్ళీ చెరువులు. "కొల్లేరేదండీ?" అని ఆవిడ మూడుసార్లు అడిగింది. వెనుక సీటు పెద్దాయన, "ఇదే కొల్లేరమ్మా! దాని మీదే పోతున్నాం" అన్నాడు. ఆవిడ మరి మాట్లాడలేదు.

బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసే నీటిని దాచుకుని, మిగిలినది ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు ఇది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమన్నారు. 2002లో రాంసర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం చెరువుగట్లు తెగగొట్టించింది. కొన్నిచోట్ల అవి మళ్ళీ లేచాయి. గట్టు తెగినప్పుడు బ్రతుకు తెగినవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ.

కైకలూరు నుంచి ఆటోలో ఆటపాక. పడవ నిండితేగాని కదలదు, ఉన్నది మేమిద్దరమే. మొత్తం పడవ మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి తప్ప ఏమీ మిగలదు. "భోజనం మానేద్దాం" అన్నది మా ఆవిడ, తడుముకోకుండా.

నీళ్ళలో పాతిన ఇనుపస్టాండ్ల మీద గూళ్ళు, గూళ్ళ నిండా గూడబాతులు! సంచి వంటి ముక్కులో తల్లి తెచ్చిన చేపకోసం పిల్లలు తలలు దూర్చేస్తున్నాయి. అప్పటి పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే పల్లెలో 1946లో నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు దాదాపు మూడు వేల గూడబాతులను చూచాడు. 1975 ప్రాంతంలో అవి ఆ చోటు విడిచిపోయాయి. ఈ సంగతి చెబుదామని ఇటు తిరిగాను.

మా ఆవిడ పక్షులను చూడడంలేదు. గుర్రపుడెక్కను పక్కకు నెట్టి, మణికట్టుదాకా నీళ్ళలో చెయ్యి ముంచి కూర్చున్నది. కొంగు తడుస్తోందన్నాను. వినిపించుకోలేదు.

కైకలూరు బస్టాండులో అరడజను అరటిపళ్ళు కొన్నాము. నాలుగు ఆవిడే తిన్నది.