భువనగిరి ఖిల్లా ఎక్కుడు ఎందుకింత కష్టం?

మన తెలంగాణల గుట్ట లేని దిక్కు దొరుకుడు కష్టం. ఆ గుట్టలల్ల శానా వాటి మీద ఏదో ఒక బురుజు, కూలిన గోడ, ఎండిన కోనేరు ఉంటది. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ, రామగిరి, ఎలగందుల, మెదక్... చెప్పుకుంట పోతె పొద్దుగూకుతది. మనం మాత్రం పండుగ సెలవుల్ల ఎక్కుతం, ఫొటో దిగుతం, స్టేటస్ పెడతం, దిగొస్తం. ఆ కోట మనతోని ఏం చెప్తున్నదో ఇనం.

నేను భువనగిరి ఖిల్లా శానా సార్లు ఎక్కిన. ఎక్కినప్పుడల్లా పక్కపొంటి ఎవలో ఒకలు ఎగపోసుకుంట అనే మాట ఒకటే: "గింత మీద కోట ఎందుకు కట్టిండ్రురా నాయనా!" జవాబు ఆ ఎగపోసుట్లనే ఉన్నది. మీ కాలు జారిన కాడ, మీ గొంతు ఎండిన కాడ, మీరు ఆగి మోకాళ్లు పట్టుకున్న కాడ ఒక కారణం ఉన్నది. కింది నుంచి మీది దాక ఆ కారణాలు చెప్పుకుంట పోత.

ఉల్లిగడ్డ పొరల లెక్క

భువనగిరి గుట్ట గుండ్లు పేర్చినట్టు ఉండదు. కోడిగుడ్డును పండవెట్టినట్టు ఒక్కటే బండ. ఎత్తు 500 అడుగులకు పైనే, కోట జాగ 40 ఎకరాల దాక ఉంటదని లెక్క.

మన దిక్కు గ్రానైటు రాయి వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. అది భూమి మీద పుట్టలే. శానా లోతుల, కరిగిన రాయి మెల్లగ సల్లారి గట్టిపడ్డది. దాని మీదున్న పొరలన్ని కోట్ల ఏండ్ల వానకు, గాలికి కొట్టుకపోయినయి. నెత్తి మీది బరువు దిగినంక రాయి జర ఉబ్బుతది, ఉబ్బి పొరలు పొరలుగ పగుల్తది. ఉల్లిగడ్డ పొట్టు లేసినట్టే. పై పొర జారిపోతె కింద నున్నటి బండ బయటపడ్తది. మనం పరుపుబండ అనేది దాన్నే.

ఇట్ల గుండ్రంగ ఉన్న బండకు ఒక గుణం ఉన్నది. ఎక్కేటోనికి కొస కనవడది. "అగో, వచ్చేసినం" అనుకొని ఆడిదాక పోతె ఇంకో ఎత్తు లేస్తది. పైనున్నోనికి మాత్రం కింద మైదానమంత అరచేతుల పెట్టినట్టు కనవడ్తది. మధ్యల చెట్టు లేదు, పొద లేదు, దాగెటందుకు ఒక గుండు సాటు లేదు. ఇయ్యాల మనకు నీడ దొరకక తిప్పలైతున్నది. ఆనాడు దండెత్తి వచ్చినోనికి ప్రాణం మీదికొచ్చేది.

బండనే అసలు గోడ

ఈ కోటను కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు. 1076 నుంచి 1126 దాక ఏలిండు. ఆయన బిరుదు త్రిభువనమల్ల. ఆ పేరు మీద త్రిభువనగిరి, అదే నోట్లె నలిగి భువనగిరి అయింది. తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు ఒకళ్ల తర్వాత ఒకళ్లు పట్టిండ్రు. ఎవలు వచ్చినా కొత్త దర్వాజ పెట్టిండ్రు, గోడ పెంచిండ్రు గాని జాగ మార్చలే. ఎందుకంటె గోల్కొండ నుంచి ఓరుగల్లుకు పోయే తొవ్వ ఈ గుట్ట ముంగటి నుంచే పోతది. పైకెక్కి చూడుండ్రి, ఇప్పటి వరంగల్ రోడ్డు, కాజీపేట రైలు పట్టాలు అట్లనే కనవడ్తయి. తొవ్వ మీద కన్నేసి ఉంచుటందుకు ఇంతకంటె మంచి జాగ లేదు.

దక్కన్ కోటలల్ల దర్వాజ ముంగట తొవ్వ శానా కాడ నేరుగ ఉండది, మల్క తిరుగుతది. ఏనుగు ఉరికొచ్చి తలుపును గుద్దాలంటె దానికి దూరం కావాలె. మల్క ఉంటె ఆ ఊపు రాదు. గుంపుగ వచ్చినోళ్లు కూడ ఆడ ఇద్దరు ముగ్గురుగ సన్నబడాలె. భువనగిరిల మెట్లు కొంత దూరమే, తర్వాత ఉత్త బండ. ఇప్పుడైతె పట్టుకునేటందుకు ఇనుప పైపులున్నయి. అవి లేవనుకొని ఒక్కసారి ఆలోచన చేయుండ్రి. మనం ఒట్టి చేతులతోని ఎక్కుతనే ఎగపోస్తున్నం. కత్తి, డాలు, నిచ్చెన మోసుకుంట, పైనుంచి రాళ్లు పడుతుంటె ఎక్కెటోని గతి ఏంది? గోడ కట్టినోడు కొద్దిగనే కట్టిండు. మిగిలిన పని బండకు అప్పజెప్పిండు.

నీళ్లు లేకుంటె కోట లేదు

దుష్మన్ లోపటికి రాకుంటె సరిపోదు. కింద ముట్టడి వేసి ఆరు నెలలు కూసుంటె పైనున్నోళ్లు ఏం తాగాలె? బండ మీద బాయి తవ్వలేరు. అందుకే బండనే చెరువు పరివాహకం చేసిండ్రు.

మనం ఊర్ల వేసే లెక్కనే ఇది. ఒక ఎకరం జాగల ఒక మిల్లీమీటరు వాన పడితె సుమారు 4 వేల లీటర్ల నీళ్లు. చెల్కల పడితె మట్టి తాగుతది. బండ మీద పడితె ఇంకది, శానా మటుకు పారుతది. 40 ఎకరాల మీద 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కొడితె 40 లక్షల లీటర్లు దిగుతయి. అన్ని పట్టలేరు, కొన్ని పట్టినా చాలు. వాలు చూసుకొని, ఏడ సహజంగ దొన ఉన్నదో ఆడ తొలిచి, అడ్డం కట్టి గుండాలు చేసిండ్రు. పైకి పోయినోళ్లు బారాదరి కాడ, ఫిరంగుల కాడ ఫొటోలు దిగుతరు. నా మాటిని గుండాల కాడ కూడ జరసేపు నిలవడుండ్రి. నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తయో బండ మీది నల్లటి చారలే చూపెడ్తయి. ఇయ్యాల మనం ఇంకుడు గుంత, ఫాం పాండ్ అని చెప్పుకునే తెలివి ఇక్కడ ఎప్పుడో ఉన్నది.

తాడెక్కిన చేతులు, రాయి కొట్టిన చేతులు

రాజుల పేర్లు బోర్డుల మీద ఉంటయి. ఈ బండ గురించి ఎరికైనోళ్లు ఇంకా ఉన్నరు.

1687ల గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. 1707ల ఔరంగజేబు సచ్చిపోయినంక దక్కన్‌ల పట్టు సడలింది. ఆ కాలపోడే సర్వాయి పాపన్న. కల్లుగీత కులంల పుట్టినోడు, ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్ల కోట కట్టుకున్నోడు. 1708ల ఓరుగల్లు మీద, అదే ఏడు భువనగిరి మీద దాడి చేసిండు. 1710ల ఆయనను పట్టి చంపిండ్రు. ఆనాటి మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్ల పాపన్న ఒక దొంగ. మన పల్లెల్ల పాడే కథల్ల సర్దార్. రెండూ చదువుకోవాలె, ఎవలు ఏడ నిలవడి చెప్తున్నరో చూసుకోవాలె. పొద్దుగాల, పొద్దుమీకి మోకు వేసి తాడిచెట్టు ఎక్కే ఇంట్ల పుట్టినోనికి ఎత్తు అంటె భయం ఎందుకుంటదని నాకైతె అనిపిస్తది.

ఇగ రాయి కొట్టినోళ్లు. మన ఖిల్లాలల్ల శానా కాడ బండ అంచుకు వరుసగ చిన్న చిన్న బెజ్జాలు కనవడ్తయి. అవి ఎలుగు గోళ్లు గీరినయి కావు. రాయి పొర ఏ దిక్కు పోతున్నదో చూసి, ఆ గీత మీద బెజ్జాలు కొట్టి, చీలలు దిగేసి, వరుసగ సమ్మెట పోటు వేస్తె బండ కోసినట్టు ఇడిపోతది. మీ ఊర్ల వడ్డెరోళ్ల పెద్దమనిషిని అడగుండ్రి, చెవి పెట్టి సప్పుడు ఇని రాయి ఏడ పగుల్తదో చెప్తడు. ఆ ఇద్య లేకుంటె రాజు ఎంత పెద్దోడైనా ఈడ ఒక్క మెట్టు లేవకపోవు.

మన కాలంల ఇంకో ముచ్చట. ఈ గుట్ట కాడనే రాక్ క్లైంబింగ్ నేర్పుతరు. నిజామాబాద్ దిక్కు పాకాల ఊరి పిల్ల మలావత్ పూర్ణ, ఖమ్మం దిక్కు ఆనంద్ కుమార్, ఇద్దరు సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఈ బండ మీద మొదలువెట్టిండ్రు, తర్వాత డార్జిలింగ్, లడఖ్ పోయిండ్రు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు అప్పుడు 13 ఏండ్ల 11 నెలలు. తెలంగాణ రాష్ట్రం రాంగ ఇంక వారం రోజులున్నది. చాళుక్య రాజు "ఎవలూ ఎక్కొద్దు" అని ఎంచుకున్న బండ మీద కూలోళ్ల పిల్లలు ఎక్కుడు నేర్చుకున్నరు. ఈ కోట చరిత్రల నాకు అన్నిటికంటె ఇష్టమైన మాట ఇదే.

ఎక్కేటోళ్లు పైలం

పొద్దుగాల తెరిచిన ఎంబడే మొదలువెట్టుండ్రి. రాయి ఎండను తాగి దాసుకుంటది. నెత్తి మీద ఎండ ఒకటి, కాళ్ల కింది నుంచి సెగ ఒకటి. ఏప్రిల్, మేల పోకుంటెనే మంచిది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్వ కావొద్దు. దూప అయినంక కాదు, కాకముందే కొద్దికొద్దిగ తాగాలె. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలె, నున్నటి చెప్పులు వద్దు.

వాన పడి నాచు పట్టిన బండ సబ్బు బిళ్ల లెక్క. నల్లగ, తడిగ కనవడ్డ కాడ కాలు పెట్టొద్దు. ఉరుములు మొదలైతె పైన ఉండొద్దు, ఆ మైదానంల అందరికంటె ఎత్తుల ఉన్నది మీరే. దిగుడు ఎక్కుడుకంటె కష్టం. మోకాళ్లు జర వంచి, అడ్డంగ అడుగు వేసుకుంట, తొందర లేకుంట దిగాలె. బండ అంచుకు పోయి సెల్ఫీ దిగేటోళ్లకు ఒకటే చెప్త: గుండ్రటి బండకు అంచు అని ఒక గీత ఉండది. వాలు మెల్లమెల్లగ పెరుగుతది, జారే కాడికి వచ్చినమని కాలికి ఎరికయ్యే వరకు పని అయిపోతది.

మన వాటా ఏంది?

భువనగిరికి రోప్‌వే వేస్తమని ఏండ్ల సంది ముచ్చట నడుస్తున్నది. నేను వద్దనను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మసొంటోళ్లు పైకి పోయి చూడాలె కదా. గాని తీగ మీద పోయినోనికి మల్క కనవడది, వాలు తెల్వది, గుండంలకు నీళ్లు ఎట్ల వస్తున్నయో సమజ్ కాదు. అందుకే నడిచే తొవ్వను పాడువెట్టొద్దు. ఆ తొవ్వ మీద కథ చెప్పెటోళ్లు ఈ ఊరి పిల్లలే కావాలె. టికెట్ కౌంటరు కాడ కూలి పని ఒక్కటే మనకు, గైడు పని బయటోళ్లకు అంటె ఒప్పుకోవద్దు.

మిగిలిన ఖిల్లాల గతి ఇంకా అన్యాలం. గుప్తనిధులని గుడి కింద, బురుజు కింద తవ్వుతరు. 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉన్నది, భూమిల దాసిన సొత్తు 10 రూపాయలకు మించి దొరికితె కలెక్టరుకు చెప్పాలె. తవ్వినోనికి బంగారం దొరుకుడు ఏమో గాని, కూలిన గోడను మల్ల అట్లనే ఎవడూ లేపలేడు. ఇగ రంగు డబ్బ తెచ్చి ప్రేమించిన పిల్ల పేరు రాసెటోళ్లు ఉన్నరు. ఆ రంగు ఆ ప్రేమకంటె ఎక్వ కాలం ఉంటది తమ్మీ, ఆలోచన చేయి.

వచ్చే సెలవుల్ల మీ పక్క గుట్ట ఎక్కుండ్రి. ఫోన్ల ఫొటోలతోని పాటు నాలుగు సంగతులు రాసుకోండ్రి: దర్వాజ ఏ దిక్కు మల్లుతది, నీళ్లు ఏడ ఆగుతయి, చీల బెజ్జాలు ఏడున్నయి, రాతల బండ ఉంటె ఏడున్నది. కిందికొచ్చి ఊర్ల ముసలోళ్లను అడిగి వాళ్లు చెప్పింది పక్కన రాయుండ్రి. అది మీ ఊరి బడిల పెట్టుండ్రి. ఎవడన్నా రాత్రి గడ్డపార పట్టుకొని గుట్ట ఎక్కిననాడు, ఆడ ఏముండెనో చెప్పే కాయితం ఒకటన్నా మన చేతుల ఉండాలె.