పొలంబాటకు తగిన బండి

మన శంకర్‌పల్లి, చేవెళ్ల ప్రాంతాల రైతుకు వాహనం విలాసవస్తువు కాదు, జీవనసాధనం. తెల్లవారుజామున కూరగాయలు బజారుకు చేరాలి. పిమ్మట గట్ల వెంట పొలానికి పోవాలి. విదేశాలలో ఇట్టి పనులకు నాలుగు చక్రాల చిన్న వాహనాలు వాడుతారు. ఇక్కడ ఆ భారం రెండు చక్రాలదే. అందుచేత టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 కొనాలా, హీరో స్ప్లెండర్ ప్లస్ కొనాలా అన్న విచికిత్స సహజం.

ఇంజను పరిమాణంలో ఇవి దాదాపు సమానం: మొదటిది 99.7 సీసీ, రెండవది 97.2. సామ్యం అంతటితో సరి. ఎక్స్‌ఎల్‌కు గేర్లు మార్చే పని లేదు. ముందుభాగం చదునైనందున బస్తా నిలుస్తుంది. బండి తేలిక, ఇంటిల్లిపాదీ సులభంగా నడపగలరు. కాని ట్యాంకు 4 లీటర్లదే. స్ప్లెండర్‌కు ఇంచుమించు రెట్టింపు శక్తి, నాలుగు గేర్లు, 9.8 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. నల్లరేగడి బురదలో, ఎగుడుబాటలో తక్కువ గేరు ఆదుకొంటుంది. ఎక్స్‌ఎల్ చక్రం 16 అంగుళాలు కాగా దీనిది 18. గుంతలను సులువుగా దాటుతుంది. అయితే బస్తా పెట్టడానికి ముందు చోటు లేదు.

కనుక నిత్యం మూటలు మోసి దగ్గరి బజారుకు పోయేవారికి ఎక్స్‌ఎల్, దూరప్రయాణం, చెడుబాట అధికమైనవారికి స్ప్లెండర్ యోగ్యం.

ఒక్క హెచ్చరిక. ఎక్స్‌ఎల్ మోయదగిన బరువు 130 కిలోలు. నడిపేవారి బరువూ అందులోనిదే. పరిమితి మించితే బ్రేకు పట్టు సడలుతుంది. ఒక బస్తా మిగుల్చుకోబోయి ప్రాణాన్ని పణంగా పెట్టడం వివేకం కాదు.