గడ్డి కోసే యంత్రం: పెట్రోలు నుంచి బ్యాటరీకి

అమెరికాలో ఇంటి ముందు పచ్చికను కత్తిరించడం వారాంతపు పని. గడ్డి మరీ పెరిగితే చాలా ఊళ్లలో నోటీసు కూడా వస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది తప్పదు. ఇందుకు వాడే లాన్‌మోవర్‌లో పెట్రోలు పోసి, తాడు లాగి స్టార్ట్ చేయడం దశాబ్దాల అలవాటు. ఇప్పుడది మారుతోంది. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం మేరకు, 2024 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో అమ్మేందుకు కొత్తగా తయారుచేసే లాన్‌మోవర్లు, ఆకులు ఊదే యంత్రాల్లో చాలావరకు పొగ వదలనివే కావాలి. పాతవాటిని మాత్రం వాడుకోవచ్చు.

చిన్న ఇంజిన్, పెద్ద పొగ

ఇంత చిన్న యంత్రానికి చట్టం ఎందుకు? కారులో గాలి, పెట్రోలు పాళ్లను కంప్యూటర్ క్షణక్షణం సరిచేస్తుంది. పొగలోని విషవాయువులను క్యాటలిటిక్ కన్వర్టర్ చాలావరకు శుభ్రం చేస్తుంది. మామూలు లాన్‌మోవర్‌లో ఈ ఏర్పాట్లు ఉండవు. సగం కాలిన ఇంధనం కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోకార్బన్లుగా బయటికొస్తుంది. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్‌గా మారతాయి.

పెట్రోలు లాన్‌మోవర్ గంటసేపు నడిస్తే వెలువడే ఇలాంటి కాలుష్యం, ఒక కారు సుమారు 300 మైళ్లు, అంటే 480 కిలోమీటర్లు తిరిగినప్పటి దానితో సమానమని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి అంచనా. ఇది కార్బన్ డయాక్సైడ్ లెక్క కాదు, పొగమంచుకు కారణమయ్యే వాయువుల లెక్క.

చప్పుడూ తక్కువేమీ కాదు. పెట్రోలు యంత్రం దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 91 దగ్గర రెండు గంటలే.

బ్యాటరీలో ఎంత పని ఉంది?

40 వోల్టులని రాసి ఉన్న ప్యాక్‌లో సాధారణంగా 3.6 వోల్టుల లిథియం అయాన్ సెల్స్ పది వరుసగా ఉంటాయి. అసలు లెక్క 36 వోల్టులు. సామర్థ్యం 5 ఆంపియర్ అవర్స్ అయితే దానిలోని శక్తి 180 వాట్ అవర్స్, అంటే 0.18 యూనిట్. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇది అలాంటి బ్యాటరీకి 50 రెట్లు!

అయితే చిన్న ఇంజిన్ అందులో ఐదో వంతు కూడా పనిగా మార్చడం కష్టం. మోటారు ఐదింట నాలుగు వంతులు మారుస్తుంది. అయినా లీటరు పెట్రోలు చేసే పనికి ఇలాంటి బ్యాటరీలు సుమారు పది కావాలి. మోటారు సగటున 400 వాట్లు తీసుకుంటే ఒక బ్యాటరీ 27 నిమిషాలు వస్తుంది. గడ్డి తడిగానో ఒత్తుగానో ఉంటే ఇంకా ముందే అయిపోతుంది.

అందుకే చిన్న పెరడుకు ఒక బ్యాటరీ చాలు. రోజుకు పది ఇళ్లు తిరిగే తోటపనివారికి మాత్రం అనేక బ్యాటరీలు, చార్జింగ్ సౌకర్యం కావాలి. ఆ ఖర్చు వారికి భారమే. అలాంటి చిరు వ్యాపారుల కోసం కాలిఫోర్నియా 3 కోట్ల డాలర్లు కేటాయించింది.

మన తోటల్లో

మన దగ్గర పచ్చికల కంటే పొలం గట్లపైనా, తోటల్లోనూ వాడే బ్రష్ కట్టర్లు ఎక్కువ. టూ స్ట్రోక్ రకంలో ఆయిల్ కలిపిన పెట్రోలు కొంత కాలకుండానే పొగతో పోతుంది. యంత్రం భుజానికే వేలాడుతుంది కాబట్టి ఆ పొగ నేరుగా కూలీ ముక్కుకే చేరుతుంది. బ్యాటరీ రకాలు ఇక్కడా దొరుకుతున్నాయి. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి కాలుష్యం పూర్తిగా పోదు. కానీ పనిచేసేవారి ఊపిరికి దూరమవుతుంది.

బ్యాటరీని ఎండలో వదలకూడదు. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకూడదు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగ్‌తో దాచాలి. పాడైన బ్యాటరీని చెత్తలో వేస్తే నిప్పు అంటుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదే. కొనేటప్పుడే దుకాణంలో ఆ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.